అడిగి తీసుకున్న రెండడుగులు

2023లో అమలాపురంలో ఒక మందుల షాపు మేడమీద మా సాఫ్ట్‌వేర్ ఆఫీసు ఉండేది. రోజూ రాజోలు నుంచి బస్సులో వచ్చే సుభద్ర డేటాబేస్ డిజైన్ చేసేది, నేను స్క్రీన్లు తయారుచేసేవాణ్ని. ఇళ్లు కట్టించే కాంట్రాక్టరు రాంబాబుగారు ఆ వేసవిలో మాకు పని అప్పగించారు. ఏ సైట్లో ఏ కొలత పాటించాలో మేస్త్రీలు ఫోన్లో చూసుకోవాలన్నది ఆయన కోరిక.

సుభద్ర రెండు టేబుళ్లు వేసింది. టేబుల్ అంటే వరుసలూ గడులూ ఉన్న పట్టిక. మొదటిదాంట్లో డిఫాల్ట్‌లు, అంటే ఎవరూ ప్రత్యేకంగా చెప్పకపోతే అన్ని ఇళ్లకూ వర్తించే కొలతలు. రెండోదాంట్లో మినహాయింపులు: ఏ ఇల్లు, ఏ కొలత, ఎంత, ఎందుకు. యాప్ ముందు మినహాయింపు కోసం వెతుకుతుంది, లేకపోతే డిఫాల్ట్ చూపిస్తుంది. డిఫాల్ట్ మారితే ఒక్కచోట దిద్దితే చాలు. చూడముచ్చటైన డిజైన్.

కొత్తపేటలో ఇల్లు కట్టించుకుంటున్న వరలక్ష్మిగారు టైలరు. చిన్నప్పటి నుంచీ చక్రాల కుర్చీలోనే ఉన్నారు. వివరాల కోసం రాంబాబుగారు ఆవిడతో మాకు ఫోన్ కలిపారు.

"నేనెవర్నీ పిలవకుండా వీధిలోకి వెళ్లి రావాలండి. ర్యాంపుకున్న జాగా రెండడుగుల ఎత్తుకే సరిపోద్దండి" అన్నారావిడ.

సుభద్ర దాన్ని మినహాయింపుల్లో రాసింది. నాకు నవ్వొచ్చింది. వీధి నుంచి ఇంటి గచ్చు ఎంత ఎత్తుండాలన్న బేస్‌మెంట్ కొలతకి మా డిఫాల్ట్ కూడా రెండడుగులే.

"రెండూ ఒకటే కదమ్మా, ఇందులో మినహాయింపు ఏముంది? ఇలాంటివి సేవ్ కాకుండా ఆపేస్తాను" అన్నాను.

"వద్దండి. మిగతా ఇళ్లకి ఎవరూ అడక్కుండానే రెండు వచ్చిందండి. ఈవిడ అడిగి పెట్టించుకున్నారు. ఆ తేడా ఎక్కడో ఒకచోట ఉండాలి కదండీ."

వాదించి గెలవడం నాకు మహా ఇష్టం. సుభద్ర దగ్గర ఆ ముచ్చట ఒక్కసారీ తీరలేదు. సరేనని ఊరుకున్నాను.

వానాకాలంలో గోదావరి లంకల్లోకి వరద నీళ్లొచ్చాయి. భయపడిన రాంబాబుగారు బేస్‌మెంట్ డిఫాల్ట్‌ని మూడడుగులు చేశారు. మర్నాడే ఫోన్.

"కొత్తపేట ఇల్లొకటి మారలేదేంటండీ? మీ యాప్ మొరాయించిందా? అవతల మేస్త్రి పని మొదలెట్టేస్తానంటున్నాడు."

"అంకె పక్కనే కారణం ఉంటుందండి, ఒకసారి చదవండి" అంది సుభద్ర.

ఆయన యాప్ తెరిచి ఆ కారణం పైకే చదివారు.

"ఆయ్. పనుల్లో పడి మర్చేపోయేనండి. ఆ స్థలం ఎలాగూ మెరకేనండి, నీళ్లు రావు. రెండే ఉంచేయండి."

ఇంకో అడుగు పెరిగితే ఆ కాస్త జాగాలో ర్యాంపు నిట్టగా లేచేది. ఆవిడ కుర్చీ ఎవరో ఒకరు తొయ్యాల్సి వచ్చేది, బతికినన్నాళ్లూ. ఇల్లు లేచాక గచ్చు దించడం ఎవరి తరమూ కాదు. సుభద్రంటే నాకు అంతకుముందూ గౌరవమే, ఆ రోజు గర్వంగా కూడా అనిపించింది. ఆమె మాత్రం టీ చల్లారిపోయిందని విసుక్కుంటోంది.

గృహప్రవేశానికి మమ్మల్నీ పిలిచారు. మా ఆటో ఆగగానే వరలక్ష్మిగారు తనే ర్యాంపు దిగి, వీధి వాకిలి దాకా వచ్చి "రండి, రండి" అన్నారు. వెనక కుర్చీ పట్టుకుని ఎవరూ లేరు.

డిఫాల్ట్‌తో సమానంగా ఉన్న మినహాయింపుని అనవసరమని నేనిప్పుడు తీసెయ్యను. అది ఎవరికి అవసరమో కనుక్కుంటాను.