ఎనిమిదో పడక

మా కింది ఫ్లాట్ ఆంటీ పోయిన గురువారం ఉదయం కన్నుమూశారు. ఢిల్లీ ద్వారకలో మా అపార్ట్‌మెంట్ సొసైటీ నోటీసు బోర్డు మీద ఆ కబురు అంటించి, పక్కనే నీళ్ళ ట్యాంకు కడిగే రోజు కూడా అంటించారు. సాయంత్రం సంతాప సభలో, ఇదే సొసైటీలో ఉండే మా ఆఫీసు మేనేజరుగారు లేచి, “మా అందరికీ అమ్మలాంటిది,” అన్నారు. చేతిలో సగం తిన్న సమోసా. నాకు అసహ్యం వేసింది. ఆయన పక్కనే చేతులు కట్టుకుని నిలబడ్డ నన్ను నేను తలుచుకుంటే ఇంకా అసహ్యం వేసింది. ఎందుకో మీకు చెప్పాలి.

ఆంటీది బాపట్ల దగ్గర సముద్రపు ఒడ్డు పల్లె. తండ్రికి తెరచాప పడవ ఉండేది. నర్సు చదువు చదివి ఢిల్లీ వచ్చి, ముప్పై ఏళ్ళకు పైగా ఆసుపత్రుల్లో పనిచేసి, రిటైరయ్యాక మా కింద ఒంటరిగా ఉండేవారు. బట్టలు ఆరేసే ముందు వేలు తడిచేసి బాల్కనీలోంచి బయటికి పెట్టేవారు, గాలి ఎటునుంచో చూడటానికి. మా పాపకి టైఫాయిడ్ వచ్చినప్పుడు వారం రోజులు మంచం పక్కనే కూర్చున్నారు. “జ్వరానికి భయపడకు బాబూ, భయపడితే అది కుర్చీ వేసుక్కూచుంటుంది,” అనేవారు.

ద్వారకకి మెట్రో వచ్చిన కొత్తలో మేనేజరుగారికో సరదా పుట్టింది. వేసవి సెలవుల్లో థాయ్‌లాండ్ వెళ్ళి, ఒక తెరచాప పడవ మాట్లాడుకుని, దీవుల చుట్టూ ఐదు రోజులు తిరగాలని. వాళ్ళు నలుగురు, మేము ముగ్గురం. పడవలో పడకలు ఎనిమిది. సంగతి విని ఆంటీ మా ఇంటికొచ్చారు.

“నన్నూ తీసుకెళ్తారా బాబూ? తెరచాప కింద కూచుని నలభై ఏళ్ళు దాటింది. కాళ్ళు ఆడుతుండగానే ఒక్కసారి చూడాలనుంది.”

ఆవిడ ఏదైనా అడగటం నేను వినడం అదే మొదలు. మేనేజరుగారు కూడా నర్సు తోడుంటే మంచిదేనన్నారు. నేను పడవ పటం గీసి, ఒక్కో పడకలో ఒక్కో పేరు రాసి, అందరికీ జెరాక్సులు పంచాను.

తర్వాత ప్రతి ఆదివారం మీటింగే. కుక్కరు ఎవరు తేవాలి, ఆవకాయ ఏ జాడీలో పెట్టాలి, రోజుకెన్ని కిలోల బియ్యం. మేనేజరుగారు ఊళ్ళో పురోహితుడికి ఫోన్ చేసి, వర్జ్యం, రాహుకాలం తగలకుండా మే నెలాఖరులో ప్రయాణం పెట్టించారు. ఆఫ్ సీజన్ కాబట్టి పడవ చిటికెలో దొరికిందని మురిసిపోయాం. దాన్ని ఆఫ్ సీజన్ అని ఎందుకంటారో అడగాలన్న బుద్ధి, ఇంజనీర్లమైన మా ఇద్దరిలో ఒక్కడికీ పుట్టలేదు.

ఆంటీ మాత్రం అడిగారు. “నైరుతి గాలి లేచే రోజుల్లో తెరచాప ఎత్తుతారా ఎవరైనా? ఆ రోజుల్లో మా నాన్న ఒడ్డున కూచుని వల బాగుచేసుకునేవాడు.”

“ముహూర్తం బలంగా ఉందమ్మా,” అన్నారు మేనేజరుగారు.

“సముద్రానికి మొహమాటం లేదు బాబూ. మీ పంచాంగం చూసి ఊరుకోదు.”

మర్నాడు ఆఫీసు క్యాబులో మేనేజరుగారు నా వైపు తిరిగారు. “బయల్దేరే ముందే ఆ అపశకునం మాటలేంటి యార్? పైగా చేపలు వండుతానంటుంది. మా ఆవిడకి ఆ వాసన పడదు. పడవ నిండిపోయిందని నువ్వే చెప్పెయ్. ఆ పడక మీద బియ్యం మూటలు పెడదాం.”

ఆ నోట్లోంచి ఆ మాట ఊడిపడటం రోత. దానికి నేను “ఠీక్ హై సార్” అనడం అంతకంటే రోత. అప్రైజల్ దగ్గరపడుతోంది మరి.

ఆంటీ గుమ్మంలో నిలబడే చెప్పాను. ఆవిడ ఒక క్షణం నా మొహంలోకి చూశారు. “పర్లేదు బాబూ. పడవన్నాక నిండుతుంది,” అని లోపలికెళ్ళి, వాంతుల మాత్రలు తెచ్చి నా చేతిలో పెట్టారు. “పాపని లైఫ్ జాకెట్ విప్పనివ్వకు,” అన్నారు.

తీరా థాయ్‌లాండ్ వెళ్ళాక పడవవాడు లంగరు తియ్యనన్నాడు. ఐదు రోజులూ వాన, కొండంత కెరటాలు. హోటల్ గదిలో మంచాల మీద కూర్చుని ఆవకాయన్నం తిని వచ్చాం. మేనేజరుగారు అందరికీ ఫస్ట్ క్లాస్ ట్రిప్ అని చెప్పుకున్నారు.

మెట్ల మీద ఆంటీ ఎదురై, “గాలి ఎలా ఉంది బాబూ?” అన్నారు.

“బాగుంది ఆంటీ,” అన్నాను. ఛీ, అప్పుడైనా నిజం చెప్పలేకపోయాను.

“మంచిది,” అన్నారు. అంతకుమించి ఎప్పుడూ ఏమీ అడగలేదు. పాపకి మళ్ళీ జ్వరమొస్తే మళ్ళీ వచ్చి కూర్చున్నారు.

గురువారం చర్చివాళ్ళు వచ్చేలోపు మంచినీళ్ళకోసం ఆంటీ వంటింట్లోకి వెళ్ళాను. ఫ్రిజ్ తలుపు మీద నేనిచ్చిన జెరాక్సు ఇంకా ఉంది. ఎనిమిదో పడకలో నా చేతిరాతతో ‘ఆంటీ’ అని ఉంది. పటం అంచున, గాలి ఎటునుంచి వస్తుందో ఆవిడ పెన్సిల్‌తో గీసిన బాణం ఉంది. దాని కింద సన్నటి అక్షరాలు: “జనవరిలో అయితే వెళ్ళొచ్చు.”