నిలబడి పొగచూరిన బండి

గురువారం రాత్రి తొమ్మిదిన్నరకు విజయనగరంలో కోర్బా రైలెక్కాను. సామాను తక్కువ: ఒక పులిహోర పొట్లం, కారు రెండో తాళంచెవి. ఏడాదిగా బిలాస్‌పూర్‌లో ఉన్న నా డీజిల్ కారును ఆదివారానికల్లా ఇంటికి చేర్చాలి. సోమవారం నా భార్య సుజాత సాలూరు అవతల ఘాట్ రోడ్డు మీది కాలేజీలో లెక్చరరుగా చేరుతోంది. అక్కడికి రెండు బస్సులు మారాలి. రెండో బస్సు, వచ్చిన రోజున వస్తుంది. కారు లేకపోతే ఉద్యోగం వదులుకోవడమే.

కింది బెర్తు పెద్దమనిషి అంతా విని, "బండి ఎవరింట్లో ఉంది?" అన్నాడు.

"మేనమామ ఇంట్లో."

"ఇంకేం, నిశ్చింతగా పడుకోండి."

పడుకున్నాను. నా తప్పుల్లో అదొకటి.

శుక్రవారం పదిన్నరకు బిలాస్‌పూర్‌లో దిగి, ఆటోలో మావయ్య ఉండే మంగ్లా పేట చేరాను. మా సింహాచలం మావయ్య ముప్పై ఏళ్లకు పైగా డీజిల్ ఇంజిన్ల మీద బొగ్గు రైళ్లు నడిపి రిటైరయ్యాడు. కారు నడపడు, పట్టాలు లేనిచోట బండి తిప్పడం బాధ్యత గల పని కాదని ఆయన నమ్మకం. నిరుడు బ్యాంకు నన్ను ఇక్కణ్నుంచి విజయనగరానికి బదిలీ చేసినప్పుడు తాళం ఆయన చేతిలో పెట్టి, "కాస్త చూస్తూ ఉండు" అన్నాను. ఆయన చూసి ఊరుకోలేదు.

"రోజూ ఎనిమిదింటికి స్టార్ట్ సేసి ముప్పావుగంట అలగే ఉంచినానురా," అన్నాడు. "సలికాలంలో గంట. డీజిలు ఇంజినుకి అదే ఆరోగ్యం. మా లోకోలు అలగే కదేటి ఉండేవి? ఇంకోటి సూడు, నీ బండి ఆయిలు తాగదు. నెలనెలా పెరుగుతాది!"

పెరిగే ఆయిలు శుభవార్తే అనుకుని బండి తీశాను. పొగగొట్టంలో చుక్కలున్నట్టుండే పసుపు దీపం వెలిగింది. పెడలు నేలకు తొక్కినా నలభై దాటలేదు. మోపెడ్ మీద పాలక్యానులతో పోతున్నాయన నన్ను దాటుతూ జాలిగా వెనక్కి చూశాడు.

దగ్గర్లోని మొదటి షాపువాడు కింద దూరి చూసి, "పొగగొట్టంలో ఫిల్టర్ పోయింది. కొత్తది రావడానికి పదిరోజులు. లేదంటే లోపలి జాలీ పగలగొట్టి ఖాళీ డబ్బా బిగిస్తా, ఎవరికి తెలుస్తుంది?" అన్నాడు. వెనక నడిచేవాళ్ల ముక్కులకు తెలుస్తుందని చెప్పి బయటపడ్డాను.

పన్నెండున్నరకు, మావయ్యా నేనూ బండిని ఎడ్లబండి వేగంతో ఊరి చివరి సిర్గిట్టి చేర్చాం. అక్కడ మెకానిక్ సంతోష్ ఉన్నాడు, మావయ్య దగ్గర ఒకప్పుడు అసిస్టెంటుగా పనిచేసినాయన కొడుకు. స్కానర్ తగిలించి, ఫిల్టరుకు ముందూ వెనకా పొగ ఒత్తిడిలో తేడా చూశాడు. సెన్సారుకు వెళ్లే రబ్బరు గొట్టాలు చిట్లాయేమోనని విప్పి ఊది చూశాడు. బాగానే ఉన్నాయి. చివరికి ఆయిలు పుల్ల బయటికి లాగి వాసన చూశాడు.

"అంకుల్, ఇది పెరగలే. ఫిల్టర్ మసి పట్టుకుంటది, లాంగ్ రన్‌లో వేడెక్కి దాన్ని కాల్చేస్తది. నిలబెడితే వేడి చాలదు కదా. కాల్చాలని ట్రై చేసినప్పుడల్లా ఇంజిన్ ఎక్స్‌ట్రా డీజిల్ పంపింది, అది కిందికి దిగి ఆయిల్‌లో కలిసింది. సమఝ్ గయే?"

మావయ్య పుల్ల అందుకుని తనూ వాసన చూశాడు. "అచ్ఛా. అంటే డ్రైవరు తప్పు."

"అరే, వదిలెయ్ అంకుల్..."

"ఎంక్వయిరీలో మొగమాటం ఏటి? నానే సేసినాను. ఇప్పుడు ఏటి సెయ్యాలో సెప్పు."

నేను ఏదో జోకు వేశాను. ఎవరూ నవ్వలేదు, నాతో సహా.

స్కానర్‌తో నిలబెట్టే కాల్చవచ్చట, కానీ ఇంత మసి ఒక్కసారిగా అంటుకుంటే ఫిల్టరే పగులుతుందని సంతోష్ వద్దన్నాడు. విప్పి కడగాల్సిందే. నాలుగు బోల్టుల్లో రెండు తుప్పుపట్టి మొరాయించాయి. వాటినీ ఊడదీసి, ఫిల్టరును మసి కరిగించే మందులో నానబెట్టి, పొగ వచ్చే దారికి ఎదురుదిక్కు నుంచి నీళ్లు కొట్టాం. కాటుక లాంటి నీళ్లు దిగాయి. మూడింటి నుంచి ఆరింటిదాకా పైపు మావయ్యే పట్టుకున్నాడు. స్టూలు వేస్తే కూర్చోలేదు. నీళ్లు తేటపడ్డాకే పైపు కింద పెట్టాడు.

శనివారం ఎనిమిదిన్నరకు, ఆరిన ఫిల్టర్ బిగించి, ఆయిలు మార్చి, రాయ్‌పూర్ రోడ్డెక్కాం. వెనక సీట్లో సంతోష్, ఒళ్లో స్కానర్. మిగిలిన మసి కాలాలంటే అరగంట ఒకే ఊపున నడపాలి.

"తొక్కి ఒదిలి, తొక్కి ఒదిలి... ఏట్రా అది, కుట్టు మిషనా?" అన్నాడు మావయ్య. "గూడ్సు నడిపినోడు బ్రేకు ముట్టుకున్నాడంటే ముందు సూడనేదని. అల్లదిగో ఆవులు. ఇప్పట్నించే కుడికి రా."

ఆవులు నాకు కనిపించలేదు. కుడికి వచ్చాను. కాసేపటికి ఆవులూ వచ్చాయి. చకర్‌భాటా దాటాక బ్రేకు ముట్టుకోలేదు. వెనకనుంచి సంతోష్ చదివే మసి అంకెలు దిగుతున్నాయి: ముప్పై ఎనిమిది, ఇరవై, బారా... నాంద్‌ఘాట్ ముందు పసుపు దీపం ఆరిపోయింది.

"హో గయా!" అన్నాడు సంతోష్.

"మళ్లీ సూడు," అన్నాడు మావయ్య. రెండుసార్లు చూపించుకుని, అప్పుడు చీలా అనే బియ్యప్పిండి అట్టు తినడానికి ఒప్పుకున్నాడు.

పదకొండున్నరకు సంతోష్‌ను సిర్గిట్టిలో దింపి మంగ్లా వెళ్తే, మావయ్య సంచి సర్దుకుని బయటికొచ్చాడు. "బండి పాడు సేసినోడు బండి ఇంటికి సేరేదాక కూడా ఉండాల." అలాంటి రూలు రైల్వేలో ఉందో లేదో నేనడగలేదు.

రాత్రి జగ్‌దల్‌పూర్‌లో లాడ్జి, రొట్టె, పప్పు. ఈ దారిన వచ్చేవారికి నా సలహాలు రెండు. కేశ్‌కాల్ ఘాట్‌లో లారీల వెనక ఓపిక పట్టండి. డీజిల్ కారును బంధువుల ఇంట వదలాల్సి వస్తే, మీ మీద ప్రేమ కాస్త తక్కువున్న వాళ్లను ఎంచుకోండి.

ఆదివారం మధ్యాహ్నం ఒంటిగంటకు సుజాత కాలేజీ గేటు ముందుకొచ్చాం. ఆగమన్నాడు మావయ్య. గడియారం చూసుకుని, సంచిలోంచి కాగితం, పెన్సిలు తీశాడు. కొత్త సెక్షన్లో రైలు నడిపే ముందు డ్రైవర్లు దారి నేర్చుకోవాలట. సాలూరు దిగి విజయనగరం దాకా ప్రతి మలుపూ, స్పీడు బ్రేకరూ, లారీలు అడ్డంగా నిలిపే ప్రతి దాబా రాసుకుంటూ కూర్చున్నాడు.

ఊరి పొలిమేరలో కాగితం మడిచి నా జేబులో పెట్టాడు.

"అమ్మాయికి నువ్వే ఇవ్వు. ఏడింటికి బయలెల్లితే తొమ్మిదికి ముందే గేటు కాడుంటాది. ఇంజిను గురించి నానేటీ రాయనేదు. దారి గురించే రాసినాను."