వదిన సీసాలో దొరికిన ఈగ

మొన్న మంగళవారం పొద్దున్న కాఫీ చల్లారబెట్టుకుంటూ కూర్చుని ఉంటే మా వదిన మనవరాలు ఫోన్ చేసింది. కాలేజీలో చదువుతున్న పిల్ల. తెలుగు బాగానే మాట్లాడుతుంది గానీ మాట చివరలు మింగేస్తుంది. "చిన్న తాతా, బామ్మ సెవెంటీయెత్ బర్త్‌డేకి నీ బీ పేపర్ ఫ్రేమ్ చేస్తున్నా. బామ్మ నేమ్ హైలైట్ చేయాలి. ఎక్కడుంది? సెర్చ్ చేస్తే రావట్లే" అంది. ఆరేళ్ళ కిందట ఒక కొత్త జాతి తేనెటీగ మీద నేను అచ్చు వేయించిన వ్యాసం గురించి అడుగుతోంది. చూసి చెబుతానమ్మా అని పెట్టేశాను. చూడడానికేమీ లేదు. ఆ పేరు అందులో లేదని నాకు ఆరేళ్ళుగా తెలుసు.

నేను పురుగుల శాస్త్రం చదువుకోవడానికి ఈ దేశం వచ్చినవాణ్ణి. మావాళ్ళందరూ గుండెలకో కంప్యూటర్లకో వైద్యం చేస్తుంటే నేను తేనెటీగల కాళ్ళ మీద వెంట్రుకలు లెక్కపెట్టుకుంటూ రిటైరయ్యాను. పార్టీల్లో ఎవరైనా మీ తమ్ముడేం చేస్తారని అడిగితే, మా అన్నయ్య "యూనివర్సిటీ" అని అక్కడితో ఆపేసేవాడు. శ్రద్ధగా అడిగి తెలుసుకున్నది వదిన ఒక్కతే. కమ్మింగ్ అనే ఊళ్ళో వాళ్ళింటి వెనక, సొరపాదుకీ గోంగూర మడికీ మధ్య కాస్త ఎర్రమట్టి నేల బోడిగా ఉండేది. ఏటా మార్చి చివర్లో అక్కడ చిన్న చిన్న బొరియలు పడేవి. "చీమలు కావయ్యా, తేనెటీగల్లాంటి ఈగలు. గుంపు కట్టవు, కుట్టవు. ఏ ఇల్లు దానిదే. పక్కపక్కనే ఉంటాయి, ఒకదాని గడప ఇంకోటి తొక్కదు. అచ్చం మన సబ్‌డివిజన్‌లో ఇళ్ళలాగే" అనేది. అన్నయ్య అక్కడ పచ్చిక వేయిస్తానంటే ససేమిరా ఒప్పుకోలేదు. ఈగలు కనిపించిన మొదటి రోజున ఫ్రిజ్ మీది తెలుగు క్యాలెండర్‌లో తిథి పక్కన సున్నా చుట్టేది. అలా నాలుగేళ్ళ క్యాలెండర్లు దాచింది. ఒక ఏడాది ఏడు ఈగల్ని ఖాళీ ఆవకాయ సీసాలో పట్టి, ఫ్రీజర్‌లో కరివేపాకు పొట్లం పక్కన పెట్టి, నేను వెళ్ళగానే చేతికిచ్చింది. సీసా ఎంత కడిగినా ఆవపిండి ఘాటు పోలేదు. మైక్రోస్కోప్ కింద చూస్తే వెనక కాళ్ళ మీద రాగిరంగు నూగు, ముఖం మీద వింత పసుపు మచ్చ. పుస్తకాల్లో ఉన్న ఏ జాతితోనూ కలవలేదు. రెండేళ్ళపాటు మ్యూజియంల పెట్టెలన్నీ గాలించాను. ఇంతవరకూ ఎవరూ చూసి రాయని జాతి అని తేలింది.

మా పనిలో ఒక ఆచారం ఉంది. ప్రతి ఈగనీ సూదికి గుచ్చి, దాని కిందే చిన్న చీటీ గుచ్చుతాం. ఊరు, తేదీ, పట్టినవారి పేరు. ఆ చీటీలో తప్పున్నా సరే, తర్వాత ఎవరూ తీయకూడదు. కావాలంటే కింద ఇంకో చీటీ చేర్చుకోవాలి. కొత్త జాతికి ప్రమాణంగా ఉంచే ఈగ చీటీ అయితే మనం పోయాక కూడా మ్యూజియంలో ఉండిపోతుంది. ఇదంతా తెలిసే, పట్టినవారి పేరు దగ్గర నా పేరు రాశాను. ఆవకాయ సీసా, ఫ్రీజరు, మా వదిన అని రాస్తే తోటి శాస్త్రవేత్తలు నవ్వుతారేమోనని అనుకున్నాను. క్యాలెండర్లోని సున్నాల్ని కూడా "రచయిత పరిశీలన" అని వ్యాసంలో కలిపేసుకున్నాను. ఇప్పుడిది రాస్తుంటే చెవులు వేడెక్కుతున్నాయి. వదిన వల్ల తలవంపులని నేననుకున్నాను గానీ, తలవంపులు నా వల్లే.

అచ్చయిన వ్యాసం తీసుకెళ్తే వదిన తడిచేతులు తుడుచుకుని మరీ అందుకుంది. "నా పేరెక్కడ వేశావయ్యా?" అంది. వేశావా అని అడగలేదు, ఎక్కడ వేశావంది. నా వేలు కాసేపు కాగితం మీద తచ్చాడి, పైన వాలు అక్షరాల్లో ఉన్న, ఈగకి నేను పెట్టిన లాటిన్ పేరు మీద ఆగింది. ఎర్రమట్టిలో ఉండేది అని దాని అర్థం. "ఇదే వదినా. లాటిన్‌లో మీ పేరు ఇలా రాస్తారు" అన్నాను. ఆవిడ ఆ కాగితం కళ్ళకద్దుకుంది. ఆ సంతోషంలో అప్పటికప్పుడు పూర్ణాలు వండింది. సిగ్గు లేకుండా నాలుగు తిన్నాను.

నిన్న రెండు గంటలు డ్రైవ్ చేసుకుని కమ్మింగ్ వెళ్ళాను. ఎలా చెప్పాలా అని దారి పొడుగునా వాక్యాలు కూర్చుకున్నాను. అన్నింట్లోనూ నేను కాస్త మంచివాడిగానే కనిపించాను. తీరా వెళ్ళేసరికి వదిన చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తోంది. ఎదురుగా కూర్చుని ఉన్నదున్నట్టు చెప్పేశాను. సవరణ అచ్చు వేయిస్తాను, సూదికి మీ పేరుతో ఇంకో చీటీ చేర్పిస్తాను, ఈగ పేరు మాత్రం మార్చడానికి మా నియమాలు ఒప్పుకోవు అన్నాను. తిడుతుందని ఎదురుచూశాను. తిడితే బాగుండునని కూడా అనుకున్నాను.

వదిన చేతిలోని చిక్కుడుకాయ చేతిలోనే ఉండిపోయింది. "చీటీ సంగతి నాకెందుకయ్యా? గుడిలో అందరికీ చెప్పుకున్నాను. డాక్టర్ ఆఫీస్‌లో నర్సుక్కూడా చెప్పాను. మీ అన్నయ్య హాస్పిటల్లో ఉన్నన్నాళ్ళూ రోజూ చెప్పేదాన్ని, ఈగకి నా పేరు పెట్టారండీ అని. అంత నొప్పిలోనూ నవ్వేవారు. ఇన్నాళ్ళూ నేను చెప్పినవన్నీ అబద్ధాలేనా?" అంది.

ఇంటికొచ్చి మనవరాలికి ఫోన్ చేసి అసలు సంగతి చెప్పాను. "ఓ" అని పెట్టేసింది. రేపు పార్టీలో గుడివాళ్ళందరి ముందూ నిలబడి, తప్పు నాదని నా నోటితోనే చెబుతాను. మా అన్నయ్య మాత్రం నా అబద్ధాన్ని నిజమనుకునే రెండేళ్ళ కిందట వెళ్ళిపోయాడు. ఆయనకి చెప్పడానికి నాకు నాలుగేళ్ళుండేవి. అప్పట్లో అవి బోలెడన్నిగా కనిపించాయి.