బానెట్‌కు కట్టిన నిమ్మకాయ

మా షెడ్డు బోర్డు మీద ‘అన్ని రకాల కార్లు బాగుచేయబడును’ అని ఎర్ర రంగుతో రాయించుకున్ననాటికి నాకు ఇరవై ఆరేళ్ళు. ఆ ‘అన్ని’ అనే ఒక్క మాట ఒక ఆడపిల్ల ఉద్యోగాన్ని ఒంగోలు దారిలో పోగొట్టినంత పని చేసింది. చెప్పుకుంటే సిగ్గు. అయినా చెబుతాను, ఎందుకంటే గిద్దలూరు మొత్తం మీద ఈ సంగతి తెలియనిది మీకొక్కరికే.

రంగయ్య పెదనాయనకు మా బజారులోనే ఇనుప సామాన్ల దుకాణం. ఆయనొక కొత్త కారు కొన్నాడు. ఎక్కడైనా ఆగి, గేరు తీసి క్లచ్ వదిలితే ఇంజన్ తనంతట తానే ఆగిపోతుంది. మళ్ళీ క్లచ్ తొక్కితే తనంతట తానే లేస్తుంది. పెట్రోలు మిగిల్చే ఏర్పాటన్న మాట. గుడిలో పూజ కాగానే కారును నేరుగా నా దగ్గరకు తెచ్చి, దిష్టికి నిమ్మకాయా మిరపకాయలూ కట్టమన్నాడు. దారంతో కడితే మా రోడ్లకు రెండు రోజులు కూడా నిలవదు. అందుకని ఆయన దుకాణంలోనే బైండింగ్ తీగ అడిగి తెచ్చి, బానెట్ కొక్కేనికి రెండు చుట్లు చుట్టి, నిమ్మకాయను ముందుకు వేలాడదీశాను. గాలివాన వచ్చినా ఊడదని గొప్పగా చెప్పాను కూడా. ఈ తీగను గుర్తుపెట్టుకోండి. నేను పెట్టుకోలేదు.

వారం తిరక్కుండా కారు వెనక్కి వచ్చింది.

“ఏందిరా వెంకటేశూ ఇది. ఆగేదేమో చక్కగా ఆగుతాది. క్లచ్ తొక్కితే ఒకసారి లేస్తాది, ఒకసారి లేయదు” అన్నాడు పెదనాయన.

తాళం తిప్పితే మాత్రం మామూలుగా లేస్తోందట. నేను గంభీరంగా తలాడించాను. ముందుగా నిమ్మకాయను భక్తిగా విప్పి మేకుకు తగిలించాను. దిష్టి నిమ్మకాయ నేల మీద పెట్టకూడదు కదా. బానెట్ ఎత్తి వైర్లన్నీ చూశాను, క్లచ్ కింద ఉన్న స్విచ్చి విప్పి తుడిచాను. బానెట్ మూసి పదిసార్లు పరీక్షించాను. పదిసార్లూ ఆగింది, పదిసార్లూ లేచింది. రిపేరు అయిన బండికి కొత్త నిమ్మకాయ కట్టి పంపడం మా షెడ్డు ఆచారం. కట్టాను. ఈసారి మూడు చుట్లు.

మూడో రోజుకు మళ్ళీ వచ్చింది. ఈసారి తప్పంతా బ్యాటరీదేనని తేల్చి, మార్కాపురం నుంచి కొత్తది తెప్పించి బిగించాను. పదిసార్లు ఆగింది, పదిసార్లు లేచింది. మళ్ళీ కొత్త నిమ్మకాయ, నాలుగు చుట్లు. మీరు ఈపాటికి విషయం కనిపెట్టేసి ఉంటారు. మీరు మెకానిక్కులు కారు గనక మీకు ఆ సౌకర్యం ఉంది.

సరిగ్గా ఆ సమయంలోనే పెదనాయన కూతురు సుజాతకు నర్సు ఉద్యోగానికి పిలుపు వచ్చింది. మరుసటి రోజు సాయంత్రం నాలుగు గంటల్లోపు ఒంగోలు ఆఫీసులో అసలు సర్టిఫికెట్లు చూపించాలి. ఆలస్యమైతే జాబితాలో తర్వాతి పేరును పిలుస్తారు. మూడేళ్ళు చదివి, రెండేళ్ళు ఎదురుచూసిన పిల్ల. పొద్దున్నే బస్సుకు పోతామని తండ్రీకూతుళ్ళు అనుకున్నారు. నేను ఒప్పుకున్నానా? నా రిపేరు మీద నమ్మకం లేకనే బస్సంటున్నారని అలిగాను.

“నేనే తోలుతా పెదనాయనా. మూడు గంటలకల్లా ఆఫీసు ముందర దించుతా” అన్నాను.

పదకొండింటికి బయలుదేరాం. నా పక్కన సుజాత ఒళ్ళో సర్టిఫికెట్ల సంచీ పెట్టుకుని కూర్చుంది. వెనక సీట్లో పెదనాయన. కంభం చేరకముందే రైలు గేటు పడింది. ఆగాం. ఇంజన్ ముద్దుగా ఆగిపోయింది. రైలు వెళ్ళింది, గేటు లేచింది, నేను క్లచ్ తొక్కాను. ఉలుకూ లేదు, పలుకూ లేదు. వెనక లారీలు హారన్లు మొదలుపెట్టాయి. డ్యాష్‌బోర్డు మీద ఎర్రగా ఒక బొమ్మ వెలిగింది. నోరు తెరిచిన కారు బొమ్మ.

“అన్నా, అదేందో బొమ్మ వచ్చింది” అంది సుజాత.

“బానెట్ ఎత్తి చూడమని చెప్తాందిలేమ్మా” అన్నాను, కారు మనసు తెలిసినవాడిలా.

తాళం తిప్పి కారును పక్కకు తీశాను. అట్లాగే పోనిస్తే గొడవే లేదు. ఆ ఏర్పాటును ఆపేసే మీట కూడా స్టీరింగ్ పక్కనే ఉంది. సుజాత అది చూపించి నొక్కమంది కూడా. రెండుసార్లు బాగుచేసినవాడు మీట నొక్కి తప్పించుకుంటే ఇక బోర్డెందుకు? తీగ విప్పాను, బానెట్ ఎత్తాను, అన్నీ కదిలించాను, మూశాను, పరీక్షించాను. బ్రహ్మాండంగా లేచింది. నిమ్మకాయ తిరిగి కట్టాను, అయిదు చుట్లు. ముప్పావుగంట గడిచింది.

కంభం దాటాక గొర్రెల మంద అడ్డం వచ్చింది. ఆగాం. గొర్రెలు పోయాయి, మేం పోలేదు. అదే బొమ్మ. మళ్ళీ విప్పడం, ఎత్తడం, మూయడం, కట్టడం. ఇంకో గంట. గొర్రెల కాపరి కర్ర మీద చెయ్యానించి అంతసేపూ నన్నే చూస్తూ నిలబడ్డాడు. పెదనాయన మాట్లాడటం మానేశాడు. ఆయన తిట్టినా బాగుండేది.

పొదిలి నడిబజారులో ఎద్దులబండి కోసం ఆగాం. మూడోసారి ఆగిపోయింది. టైము రెండు ఇరవై. నా చెయ్యి బానెట్ మీటకేసి పోతుంటే సుజాత ఆ చెయ్యి పట్టుకుని ఆపింది. ఆ పిల్ల కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి, గొంతు మాత్రం గట్టిగానే ఉంది.

“అన్నా, ఒక్క మాట ఇను. ఆ బొమ్మ బానెట్ ఎత్తమని కాదు చెప్పేది, బానెట్ తెరిచి ఉందని చెప్తాంది. నిమ్మకాయ లేనప్పుడు బాగుంటాది, నువ్వు కట్టినాంక చెడతాది. రెండుసార్లు చూసినా.”

నేను దిగి బానెట్ మీద చెయ్యి వేసి నొక్కాను. వేలి మందం కిందికి దిగింది. అయిదు చుట్ల తీగ మీద అది పూర్తిగా మూతపడితే కదా. ఇంజన్ ఆగేటప్పటి కుదుపుకు కాస్త పైకి లేచేది. బానెట్ తెరిచి ఎవరో లోపల చెయ్యి పెట్టారేమోనని పాపం ఆ కారు భయపడి, తనంతట తాను లేవడం మానుకునేది. ఆ కారుకున్న బుద్ధిలో సగం నాకుంటే మేం అప్పటికి ఒంగోల్లో కాఫీ తాగుతుండేవాళ్ళం.

తీగ తెంపేశాను. మంచిపనికి పోతూ దిష్టి నిమ్మకాయను రోడ్డు మీద పడేయడానికి నాకూ మనసొప్పలేదు, పెదనాయనకూ ఒప్పలేదు. సుజాత దాన్ని లాక్కుని సంచీలో కుక్కేసింది. ఆ తర్వాత దారిలో ఎన్నిచోట్ల ఆగినా, క్లచ్ మీద కాలు పడీపడగానే ఇంజన్ లేచింది. అది లేచిన ప్రతిసారీ నా తల ఇంకాస్త దిగింది.

నాలుగుకు అయిదు నిమిషాలుండగా సుజాత ఆఫీసు మెట్ల మీద పరుగెత్తింది. బయట నేనూ పెదనాయనా ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. అరగంటకు ఆ పిల్ల నవ్వుతూ వచ్చింది. పనైపోయిందట. అసలు సర్టిఫికెట్లు తియ్యమని అధికారి అడిగితే, సంచీలోంచి ముందుగా మిరపకాయల దండా నిమ్మకాయా ఆయన ఫైలు మీద పడ్డాయట.

“ఏంటమ్మా ఇది అన్నాడు. మా అన్న చేసిన రిపేరు సార్ అని చెప్పినా” అంది.

పెదనాయన అప్పుడు నోరు విప్పాడు. చాలా నెమ్మదిగా అన్నాడు.

“దిష్టి తగలకూడదని నిమ్మకాయ కట్టించుకుంటి. ఆ కారుకు తగిలిన దిష్టివి నువ్వే గదరా నాయనా.”

ఇంజన్ ఆయిల్ సాక్షిగా, స్పానర్ మీద చెయ్యేసి, ఆనాడే ప్రమాణం చేశాను. ఈ జన్మలో ఏ కారు బానెట్ దగ్గరకూ నిమ్మకాయతో వెళ్ళను. ఆచారం మాత్రం మానలేదు. ఇప్పటికీ వారం వారం కొత్త నిమ్మకాయ కడుతున్నాను, మా షెడ్డు బోర్డుకు, ‘అన్ని’ అనే మాట కనబడకుండా సరిగ్గా దాని మీద.