నీటిరంగుల్లో దొర కుర్చీ

నల్లగొండలో మా మనవరాలి కాలేజీలో బొమ్మల ప్రదర్శన పెట్టారంటే వెళ్లాను. పాడుబడిన ఒక గడిలో, అంటే పాతకాలం దొరల కోటలాంటి ఇంట్లో, మిగిలిన సామాను చూసి అక్కడి డ్రాయింగ్ సారు నీటిరంగుల్లో వేశాడు. ఒక అద్దం బీరువా, దాని పక్కన పేము అల్లిన టేకు కుర్చీ. కుర్చీ చేతుల మీద మెరుపు చూసి దగ్గరికి వెళితే అక్కడ రంగే లేదు, కాగితాన్ని తెల్లగా వదిలేశాడు. పేము మధ్యలో కొంచెం దిగి, ఎవరో ఇప్పుడే లేచి వెళ్లినట్టుంది. అంత బాగా వేసినందుకే నేను రెండడుగులు వెనక్కి వేశాను.

"ఎట్లున్నదమ్మా?" అన్నాడు సారు.

"మస్తున్నది బిడ్డా" అన్నాను. అబద్ధమేమీ ఆడలేదు.

నా చిన్నప్పుడు కమ్యూనిస్టుల సంఘం వాళ్లు దొరల మీద తిరగబడితే మా ఊరి దొర పట్నం పారిపోయాడు. సంఘం వాళ్లు అతని గడిలోని సామాను ఊరికి పంచితే ఇలాంటి కుర్చీ ఒకటి మా వంతుకు వచ్చింది. మా అవ్వ, అంటే అమ్మ, దానికి పసుపు రాసి, బొట్లు పెట్టి ఇంట్లోకి తెచ్చింది. తెచ్చాక ఎవరూ అందులో కూర్చోలేదు. నాయిన దాని పక్కనే నేల మీద కూర్చుని తినేవాడు. నేను ఎక్కితే కసిరి దింపేవాడు.

నిజాం మీద పోలీసు యాక్షన్ అయ్యాక దొర పోలీసులను వెంటబెట్టుకుని తిరిగొచ్చాడు. తన సామాను కోసం ఇల్లిల్లూ వెతికిస్తూ, కుర్చీ కనబడగానే మా గుమ్మంలో ఆగాడు.

"గిది మా పెండ్లికి మా మామ పెట్టిండు దొరా" అన్నాడు నాయిన. పసుపు, బొట్లు చూసి పోలీసులు నమ్మేటట్టే ఉన్నారు. దొర మాత్రం నవ్వాడు.

"నీదేనా? అయితే కూసో."

నాయిన వెళ్లి కుర్చీ చెయ్యి పట్టుకున్నాడు. అంతే, ఒళ్లు వంగలేదు. దొర ముందు కూర్చోవడం ఆయనకు బుద్ధెరిగినప్పటి నుంచీ తెలియదు.

"కూసో నాయినా!" అని నేను అరిచాను. అవ్వ నా నోరు మూసింది. నాయిన భుజం మీది తువ్వాల తీసి చంకలో పెట్టుకుని, చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

వాళ్లకు ఇంకే రుజువు కావాలి? కట్టి తీసుకుపోయారు. పోలీసుల క్యాంపు నుంచి ఆయన తిరిగి రాలేదు. దొర మీద ఊరంతటికీ కోపమే, నాకూ ఉంది. కానీ నాకు ఎక్కువ కోపం నాయిన మీదే. ఒక్క క్షణం ముడ్డి ఆనిస్తే బతికేవాడివి కదా అని ఈ వయసులో కూడా ఆయనతో పోట్లాడుతూనే ఉన్నాను.