డింప్నా నల్లదుంగ

మా అక్క డింప్నా ఆఖరిగా చేసిన పని గోనెపట్టా తడపడం. బకెట్లో ముంచి, సగం పిండి, షెడ్డులో దిమ్మెల మీద పడుకోబెట్టిన నల్లదుంగకి కప్పింది. తర్వాత ఇంట్లోకి వచ్చి టీ పోసుకుని కూర్చుంది. నేను వెళ్లేసరికి కప్పు నిండుగానే ఉంది. డాక్టరు గుండె ఆగిందన్నాడు. అది మార్చి నెల.

ఆఫలీ జిల్లా చిత్తడినేలల అంచున, ఆ షెడ్డులోనే ఆమె బతుకంతా కుర్చీలు, బల్లలు, ఊయలతొట్లు చేసింది. మా ఊళ్లో ఆమె కుర్చీ లేని వంటిల్లు లేదు. నల్లదుంగ మాత్రం తన కోసం. వేల ఏళ్లు చిత్తడిలో నానిన ఓక్ మాను అది. పక్కింటి కోల్మన్ పొయ్యిలోకి పీట్ మట్టిని యంత్రంతో తవ్వుతుంటే తగిలింది, ట్రెయిలర్ మీద తెచ్చిచ్చాడు. దాంతో పెద్ద భోజనబల్ల చేస్తానని, తన చివరి పెద్దపని అదేనని అక్క అందరికీ చెప్పింది. బొమ్మ గీసి గోడకి అంటించింది.

అలాంటి చెక్క వేడి తగిలితే పగులుతుంది. ఏళ్ల తరబడి చల్లగా, తడిగోనె కింద నెమ్మదిగా ఆరాలి. అందుకని ఆ షెడ్డులో పొయ్యి వెలగలేదు. చలికాలమంతా కోటు మీద కోటు తొడుక్కుని చిత్రిక పట్టేది.

కోల్మన్ గుమ్మంలోంచే దుంగని చూసి అరిచేవాడు. "ఏం డింప్నా, పాపకి నీళ్లు పోశావా?"

"పోశాను. నీకన్నా శుభ్రంగానే ఉంది. ఆ బూట్లతో లోపలికి రాకు."

"పొయ్యి వెలిగించవే తల్లీ, నా వేళ్లు ఊడిపోతున్నాయి."

"ఊడితే ఊడనీ. ఏం పని చేస్తాయి గనక?"

ఆమె పోయాక నాకు ఒకటే అనిపించింది. ఆ బల్ల తయారవ్వాలి. ఆమె దగ్గర పని నేర్చుకున్న నూలా గాల్వేలో ఉంది, బొమ్మ ఉంది, చెక్క ఉంది. చెక్క నిలిస్తే చాలు.

శవజాగారానికి ఊరంతా వచ్చింది. ఇల్లు చాలలేదు. ఎవరి కుర్చీ వాళ్లు తెచ్చుకుని మగవాళ్లు షెడ్డులో కూర్చున్నారు. వాన. ముసలివాళ్లు వణుకుతుంటే చూడలేక కోల్మన్ పొయ్యి రాజేశాడు. నేను ఇంట్లో శవం పక్కన జపమాల ప్రార్థనలో ఉన్నాను.

ఏదో టప్పుమంది. షెడ్డులోంచి మాటలు వినబడ్డాయి.

"ఎవరి కుర్చీరా విరిగింది?"

"డింప్నా కుర్చీ విరగడమేంటి? నీ నడుమై ఉంటుంది."

నవ్వారు. మళ్లీ టప్పుమంది. ఎవరూ నవ్వలేదు. నేను వెళ్లేసరికి కోల్మన్ గోనెపట్టా ఎత్తి పట్టుకుని నిలబడ్డాడు. దుంగ ఒక కొస నుంచి రెండో కొస దాకా విచ్చుకుంది.

"నన్ను తిట్టు బాబూ, తిట్టు," అన్నాడు.

తిట్టాలనిపించలేదు. ఏమీ అనిపించలేదు. టీ ఇంకా కావాలా అని అడిగాను.

సమాధి అయ్యాక నూలా వచ్చి పగులులో వేలు పెట్టి చూసింది. "బల్ల రాదన్నా. చిన్నచిన్న శిలువలు వస్తాయి," అంది. కోయమన్నాను. రంపం శబ్దం రోజంతా విన్నాను. నెల మాసికం పూజ రోజు, గుడి గుమ్మంలో నిలబడి, వచ్చినవాళ్లందరికీ తలా ఒకటి పంచాను. బాగున్నాయన్నారు.

తర్వాత మా వంటింట్లో కోల్మన్ భార్య ఫిలోమినా కప్పులు కడుగుతూ, తన శిలువ తీసి గట్టు మీద తడి తగలని చోట పెట్టింది.

"మా ఆయన తవ్వే బండి ఇంకా నడుస్తుందా అని అడిగింది మీ అక్క, పోయే ముందు వారం," అంది. "ఎందుకే అన్నాను. దుంగని తీసిన చోటే మళ్లీ పూడ్పించాలంది. కోయడానికి చెయ్యి రావడం లేదట. కోల్మన్‌కి చెప్పకు, నవ్వుతాడు, ఈస్టర్ వెళ్లాక నేనే అడుగుతాను అంది."