వీసా కౌంటర్లో జీవిత బీమా బాండు

2005లో నాకు ఇరవై మూడేళ్లు. మాది గార్లదిన్నె దగ్గర పల్లె. జర్మనీలోని ఓ వృద్ధాశ్రమంలో ఏడాదిపాటు పనిచేసే అవకాశం రావడంతో, వీసా కోసం నాయనతో చెన్నై వెళ్లాను.

కౌంటర్లో మేడమ్ ఇన్సూరెన్సు కాగితం అడిగితే, నా పేరిట ఉన్న జీవిత బీమా బాండు గర్వంగా అందించాను.

"ఇది నువ్వు చనిపోతే మీవాళ్లకు వచ్చేదమ్మా. అక్కడ నీకు జబ్బు చేస్తే ఆసుపత్రి ఖర్చు ఎవరిస్తారు? ఆరోగ్య బీమా కావాలి" అందామె. వెనక వరుసలో ఎవరో పకపకా నవ్వారు. సిగ్గుతో చచ్చిపోయాను. అయినా కదల్లేదు.

"పన్నెండింటికి కౌంటరు మూసేలోపల తెస్తే తీసుకుంటారా మేడమ్?" అన్నాను. ఆమె తలూపింది.

బయట నాయన, "ఊరికి పోదాం పామ్మా, ఇంగోసారి వద్దాం" అన్నాడు.

"నేను రాను నాయనా. బీమా ఆఫీసు యాడుండాదో అడుగుదాం, నడువు."

తమిళం రాకపోయినా అడుగుతూ ఎండలో మూడు ఆఫీసులు తిరిగాం. మూడోచోట విదేశాలకు వెళ్లేవారి ఆరోగ్య బీమా దొరికింది. కౌంటరు మూసేందుకు ఐదు నిమిషాలుందనగా పరుగున వచ్చి ఇచ్చాను. మేడమ్ చదివి, ముద్ర వేసి నా దరఖాస్తుతోపాటు తీసుకుంది.

జర్మనీలో మెట్ల మీద జారి నా చెయ్యి విరిగినప్పుడు ఆ బీమాయే ఆదుకుంది. నలుగురూ నవ్వినా సరే, తెలియనిది అడిగి తెలుసుకోవడానికి ఆనాటి నుంచి నేను వెనకాడలేదు.